ఖాళీ కుర్చీకి చదివిన నోటీసు

"ముందు గాలి దిగుతుంది, తర్వాతే మనిషి దిగుతాడు. ఇది నా మాట."

ఆరు నెలల కిందట, గాలాడని నేలమాళిగ గురించి డైరెక్టరు ఈ మాట అన్నాడు. పాత గ్రంథాల భాండాగారం ముందు మెట్ల మీద నిలబడి, పాతికమంది సిబ్బంది ఎదుట, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మైకు. ఇప్పుడు ఆ చప్పట్లు గుర్తొస్తే తన అరచేతుల మీద తనకే అసహ్యం వేస్తోంది.

మైకు అతని అసలు పేరు కాదు. నోరు విప్పితే సభ పెట్టినట్టే ఉంటుందని క్యాంటీన్ ఆయన తగిలించిన పేరు. ఇరవై ఏడేళ్ళవాడు. చదివిన ప్రతి పుస్తకంలోంచీ ఒక నినాదం ఏరుకుని జేబులో వేసుకుని తిరిగే రకం. నేలమాళిగ తలుపు మీద సుద్దముక్కతో "గాలి హక్కు, దయ కాదు" అని రాసింది అతనే. పొద్దున ఎవరో తుడిపేస్తే మధ్యాహ్నానికి మళ్ళీ రాసేవాడు.

కిందటి నెల పోయిన అతని సహోద్యోగిని అందరూ చాదస్తం అనేవారు. అతనికి ఆ పేరంటే కోపం లేదు. "బిరుదు ఇచ్చారు, శాలువా కప్పడం మర్చిపోయారు" అనేవాడు. ముప్పై ఆరేళ్ళకే కళ్ళజోడు ముక్కు చివరికి జారి, కామా ఒకటి పక్కకి జరిగినా అన్నం సహించని మనిషి.

ఇద్దరిదీ ఒకటే పని. పాశ్చాత్య గూఢవిద్యల గ్రంథాలు చదవడం, నకలు రాయడం, అచ్చుకి సిద్ధం చెయ్యడం. రసవాదుల నోటు పుస్తకాలు, రహస్య సంఘాల దీక్షా పాఠాలు, గ్రహాల గుర్తులతో రాసుకున్న సంకేత లిపులు. భవనంలో వాళ్ళను వెటకారం చెయ్యనివాడు లేడు. క్యాంటీన్ ఆయన రోజూ ఒక చెంచా చూపించి, "సార్, దీన్ని బంగారం చేసిపెట్టండి" అనేవాడు. "చేస్తానయ్యా. ముందు నీ టీని టీగా చెయ్యి" అనేవాడు చాదస్తం. వచ్చిన అతిథులెవరైనా గొంతు తగ్గించి "మీరు ఇవన్నీ నమ్ముతారా?" అని అడిగితే, "నమ్మకం నా శాఖ కాదండీ. అక్షరం నా శాఖ" అని తల మళ్ళీ పుస్తకంలో పెట్టేసేవాడు.

నకలు సరిచూడటానికి వాళ్ళకో పద్ధతి ఉండేది. మైకు నకలు పైకి చదవాలి. ఎదురు కుర్చీలో కూర్చుని చాదస్తం అసలు పుస్తకంలో వేలు నడుపుతూ వినాలి. వాక్యం సరిపోతే పెన్సిలు వెనక వైపుతో బల్ల మీద ఒక్కసారి తట్టేవాడు... ముందుకు వెళ్ళమని. తప్పు దొర్లితే మూడుసార్లు తట్టేవాడు... ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదవమని. ఎక్కడ తప్పో మాత్రం చెప్పేవాడు కాదు. "తప్పు చేసినవాడికే తప్పు దొరకాలి. నేను చూపిస్తే అది నాకు దొరికినట్టు" అనేవాడు. అలా ఎనిమిదేళ్ళు. మైకుకి ఆ తట్టు నిద్రలో కూడా వినపడేది.

ఆ బల్ల, ఆ రెండు కుర్చీలు ఉన్నది నేలమాళిగలోనే. ఇరవై రెండు మెట్లు దిగాలి. కిటికీ లేదు. మెట్ల చివర గోడకి ఒక మర మీట ఉంటుంది. తిప్పితే పది నిమిషాలు దీపం వెలుగుతుంది, టిక్కు టిక్కుమంటూ మీట వెనక్కి తిరిగి ఆరిపోతుంది. మూడో వరస అలమార నిండా పచ్చటి అట్టల పుస్తకాలు. ఒక రహస్య సంఘం వాళ్ళు తమ గ్రంథాలన్నిటికీ ఒకే రకం పచ్చ గుడ్డ వేయించుకున్నారు. చూడటానికి ఎంత బాగుంటుందో... లేత ఆకులా, కంటికి చల్లగా. పట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటుంది.

ఆ పచ్చ రంగులో పాషాణం అనే విషం ఉందని మొదట చెప్పింది బైండింగు పిన్ని. ముప్పై ఏళ్ళుగా పైగదిలో చిరిగిన పుస్తకాలకి కుట్లు వేస్తున్న మనిషి. "తేమ తగిలితే ఆ రంగులోంచి వెల్లుల్లి వాసన వస్తుంది నాయనా. కింద ఆ వాసన వచ్చిందంటే ఎవడో అన్నం డబ్బా విప్పాడనుకోకండి. పైకి వచ్చెయ్యండి" అని ఇద్దరికీ బొట్టు పెట్టి చెప్పినట్టు చెప్పింది.

వాసన వచ్చింది. చాదస్తానికి దగ్గు వచ్చింది. మైకు సంతకాలు పోగుచేశాడు. డైరెక్టరు మెట్ల మీద నిలబడి మాట ఇచ్చాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ గదిలోకి గాలి దిగలేదు. గాలి పంపే గొట్టం కోసం గోడకి సుద్దతో ఒక గుండ్రం గీశారు. అంతే. ఆ గుండ్రం ఇప్పటికీ ఉంది. మనిషే లేడు.

కిందటి నెల ఇరవై ఒకటిన చాదస్తం ఆఖరిసారి కిందికి దిగాడు. ఇరవై ఏడున పోయాడు. డాక్టరు ఊపిరితిత్తుల్లో వాపు అని రాశాడు. సంతాప సభలో డైరెక్టరు నల్లకోటు వేసుకొచ్చి, ఈ నెల ముప్పయ్యో తేదీన ఆ నేలమాళిగకి చాదస్తం పేరు పెడుతున్నామని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకు ఈసారి చేతులు జేబులోంచి తియ్యలేదు. మనిషిని మింగిన గదికి ఆ మనిషి పేరే పెడతారా?

ఆ సాయంత్రమే నోటీసు రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా దాన్ని అర్జీ అంటే ఊరుకోలేదు. "అడుక్కోవడం అయిపోయింది. ఇది నోటీసు" అనేవాడు. సిబ్బంది పద్దెనిమిది మంది సంతకం పెట్టారు. కానీ ఇంటివాళ్ళ సంతకం లేకపోతే అది చిత్తు కాగితమే. చాదస్తానికి ఉన్నది ఒక్క చెల్లెలు. మైకు ఆమెని అక్కా అంటాడు.

ఆమె నోటీసు మొత్తం చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది. కలం ముట్టుకోలేదు.

"పెడతాను. ముందు ఒక్కటి చెప్పు తమ్ముడూ. ఆ రోజు అన్నయ్య సెలవులో ఉన్నాడు. జ్వరం. నేనే దుప్పటి కప్పి పనికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వేళ్ళు పచ్చగా ఉన్నాయి. ఎందుకు వెళ్ళాడు?"

"అక్కా, వాళ్ళు పని చేయించుకునే తీరే అంత. మనిషిని పిండేస్తారు."

"ఎవరు వాళ్ళు?"

"వ్యవస్థ."

"వ్యవస్థ ఫోన్ చేస్తుందా?" ఆమె గొంతు పెంచలేదు. "పదకొండింటికి మా ఇంట్లో అన్నయ్య ఫోన్ మోగిందట. పక్కింటావిడ గోడ అవతల నుంచి విన్నది. మాట్లాడాక పావుగంటలో అన్నయ్య చెప్పులేసుకుని వెళ్ళాడట. ఆ ఫోన్ ఆస్పత్రిలో ఎక్కడో పోయింది. లేకపోతే నేనే చూసుకునేదాన్ని. ఎవరు పిలిచారో రాయి. అప్పుడు సంతకం పెడతాను."

మైకు నీళ్ళు నమిలాడు. కనుక్కుంటానన్నాడు. బయటికి వచ్చి, వీధి మలుపు దాకా తల ఎత్తకుండా నడిచాడు.

కనుక్కోవలసిన అవసరం అతనికి లేదు.

*

భాండాగారంలో ఒక నియమం ఉంది. అలమారలోంచి పుస్తకం తీస్తే, ఆ ఖాళీలో ఒక చెక్క నిలబెట్టాలి. బదులు చెక్క అంటారు. చెక్కకి ఒక చీటీ గుచ్చి ఉంటుంది. పుస్తకం నంబరు, తీసినవారు, తేదీ, ఎవరి కోసం... నాలుగు గడులు. చాదస్తం ఏ గడినీ ఖాళీగా వదలడు. ఆఖరి రోజు తీసిన పుస్తకం ఇంకా కింద బల్ల మీదే ఉంది కాబట్టి, ఆ చెక్కా ఆ చీటీ కూడా అలమారలోనే ఉండాలి.

ఎనిమిదో తేదీ. మధ్యాహ్నం మూడు దాటింది. మర్నాటి నుంచి కింది గది సర్దించి సున్నం వేయిస్తారని తెలిసి, మైకు బైండింగు గదికి వెళ్ళాడు. తాళం పిన్ని దగ్గరే ఉంటుంది.

"ఎందుకు?" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

"చీటీ కావాలి పిన్నీ. మాట ఇచ్చిన తర్వాత కూడా మనిషి కిందికి దిగాడని అదొక్కటే రుజువు. నోటీసుకి జత చెయ్యాలి."

తనకి తాను కూడా దారిపొడుగునా అదే చెప్పుకున్నాడు.

పిన్ని అతన్ని కళ్ళజోడు పైనుంచి చూసింది. "చేతులకి గ్లవ్స్ వేసుకో. మూతికి మాస్కు కట్టుకో. ఐదు నిమిషాలు. వాసన వస్తే ఉపన్యాసం ఆపి పైకి రా."

"కింద ఎవరున్నారని ఉపన్యాసం?"

"నీకు మనుషులు కావాలా ఏమిటి," అంది పిన్ని.

మెట్ల దగ్గర ఎండ పడుతోంది. నాలుగు మెట్లు దిగేదాకా వీపు వెచ్చగా ఉంది. పదో మెట్టు దగ్గర ఆ వెచ్చదనం పోయింది. ఇరవై రెండో మెట్టు దిగి మీట తిప్పాడు. దీపం రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. టిక్కు... టిక్కు... టిక్కు.

తడి గుడ్డ వాసన. పాత జిగురు వాసన. ఆ రెంటి కింద, సన్నగా, వెల్లుల్లి.

మూడో వరసకి వెళ్ళాడు. పచ్చటి పుస్తకాల మధ్య బదులు చెక్క నిలబడి ఉంది. చీటీ మీద చాదస్తం అక్షరాలు... ఎప్పటిలాగే గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా. పుస్తకం నంబరు. తీసినవారు. ఇరవై ఒకటో తేదీ. నాలుగో గడిలో కూడా రాసే ఉంది. ఆ జ్వరంలో, ఆ దగ్గులో కూడా గడి ఖాళీగా వదల్లేదు మహానుభావుడు.

'మైకు కోసం. ఒక్క వాక్యం.'

మైకు చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. పైకి వెళ్ళాక చింపెయ్యాలని చెయ్యి ముందే నిర్ణయించుకున్నట్టుంది. మనసుకి చెప్పకుండా.

ఆ ఒక్క వాక్యం పచ్చ పుస్తకాల సంఘం వాళ్ళ నియమావళిలోది. 'సోదరుణ్ణి చీకట్లోకి పంపినవాడు దీపం పట్టుకుని తానే ముందు నడవాలి.' ఆ ఇరవై ఒకటికి మర్నాడే సిబ్బంది సభ. నేలమాళిగ మీద ఉపన్యాసం. ఆ వాక్యంతో మొదలుపెడితే జనం లేచి నిలబడతారని మైకుకి తెలుసు. కానీ మాటలు సరిగ్గా గుర్తులేవు. ఫోన్ చేశాడు. అవతల దగ్గు వినపడింది. అయినా అడిగాడు. "గురూ, ఒక్క వాక్యం. నువ్వు వెళ్ళి చూసి చెప్తావా? నాకు ఈ సభ ఏర్పాట్లతో ఊపిరి సలపడం లేదు."

ఊపిరి సలపడం లేదు. అలా అన్నాడు. ఎవరితో అన్నాడు...

చాదస్తం వెళ్ళాడు. వాక్యం దొరికింది. సభలో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు మోగుతున్నప్పుడే చాదస్తాన్ని ఆస్పత్రిలో చేర్చారు.

పని అయిపోయింది. ఇక పైకి వెళ్ళాలి. కానీ బల్ల దాటి వెళ్తూ మైకు ఆగిపోయాడు. రెండు కుర్చీలు. ఎదురుగా చాదస్తం కుర్చీ. బల్ల మీద మూసిన పచ్చ పుస్తకం. దాని పక్కన అతని పెన్సిలు, కొస చెక్కి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఆ సంఘానికి ఒక సంతాప విధి ఉండేది. సోదరుడు చనిపోతే, ఎలా పోయాడో ఒక వివరం రాసి, అతని ఖాళీ కుర్చీ వెనక్కి లాగి, దాని ముందు పైకి చదివేవారు. అభ్యంతరం రాకపోతేనే కింద సంతకాలు పెట్టేవారు. ఆ పాఠం నకలు చేసిన రోజు ఇద్దరూ పగలబడి నవ్వారు. "ఇందులో గూఢవిద్య ఏముందిరా? ఇదీ నకలు సరిచూడటమే కదా. ఎదురు కుర్చీలో వినేవాడు మారాడు, అంతే" అన్నాడు చాదస్తం.

మైకు కుర్చీ వెనక్కి లాగాడు. ఎందుకు లాగాడో అడిగితే చెప్పలేడు. నోటీసు తీసి విప్పి, మాస్కు కిందికి జార్చి, తన కుర్చీలో కూర్చున్నాడు. దుఃఖం ఇంకెలా పడాలో అతనికి రాదు. ఏడవడం రాదు, చదవడమే వచ్చు.

"భాండాగారం డైరెక్టరు గారికి. ఇది అర్జీ కాదు, నోటీసు."

టక్.

మీట చప్పుడనుకున్నాడు.

"ఆరు నెలల కిందట, అందరి ఎదుట మీరు ఒక మాట ఇచ్చారు."

టక్.

"ఆ మాట తప్పారు. గోడ మీద సుద్దతో గుండ్రం గీయించి, చేతులు దులుపుకున్నారు."

టక్.

మీట అలా కొట్టుకోదు. మీటది సన్నటి చప్పుడు. ఇది కొయ్య మీద కొయ్య. మైకు తల ఎత్తలేదు. గొంతు తగ్గించి, కాగితం మీదే చూపు పెట్టి చదివాడు.

"ఇరవై ఒకటో తేదీన, జ్వరంతో సెలవులో ఉన్న మా మిత్రుణ్ణి మీ పని ఒత్తిడి ఈ గదిలోకి దింపింది."

టక్. టక్. టక్.

మీట మాత్రం టిక్కుమంటూనే ఉంది. అలవాటు ఎంత చెడ్డదంటే, ఒళ్ళంతా జలదరిస్తున్నా అతను వెనక్కి వెళ్ళి వాక్యం మళ్ళీ చదివాడు. మాట మార్చి చదివాడు.

"...మీ నిర్లక్ష్యం ఈ గదిలోకి దింపింది."

టక్. టక్. టక్.

"...ఈ కుళ్ళిపోయిన వ్యవస్థ..."

వాక్యం పూర్తి కానివ్వలేదు. టక్. టక్. టక్. ఈసారి గట్టిగా. పుస్తకం అట్ట మీది పచ్చ దుమ్ము లేచి దీపం కింద ఆడింది.

అప్పుడే మీట చప్పుడు ఆగింది.

దీపం ఆరిపోయింది.

చీకటి. పైన ఎక్కడో ఎండ కాస్తూనే ఉంటుంది. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంటుంది. ఇక్కడ కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. వెల్లుల్లి వాసన ముదిరింది... ముక్కులోంచి గొంతులోకి దిగింది. మైకు ఫోన్ కోసం తడుముకున్నాడు. గ్లవ్స్ వేళ్ళకి ఫోన్ తెర లొంగలేదు. ఒకసారి. రెండోసారి. అప్పుడు వినపడింది.

దగ్గు.

పొడిగా, చిన్నగా. పక్కవాళ్ళ పని పాడవుతుందేమోనని సగంలోనే మింగేసుకునే దగ్గు. ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని విన్న దగ్గు.

మూడోసారికి ఫోన్ వెలిగింది. ఎదురుగా ఎవరూ లేరు. పెన్సిలు ఉన్నచోటే ఉంది. కానీ తను వెనక్కి లాగిన కుర్చీ... బల్ల అంచు దాకా జరిగి ఉంది. మనిషి కూర్చుని ముందుకు లాక్కున్నట్టు.

లేచి పరుగెత్తాలి. అలాగే కూర్చుండిపోయాడు. భయం గుండెల దాకా వచ్చి, అక్కడ ఉన్న కోపానికి తగిలి, మరిగింది.

"గురూ," అన్నాడు గుసగుసగా. "ఏం రాయమంటావు? వాళ్ళు మాట తప్పలేదా? గాలి లేని గది తెరిచి పెట్టలేదా? ముప్పయ్యో తేదీన నీ పేరు పలక బిగించి ఫొటోలు తీయించుకోరా? వాళ్ళ మీద రాస్తుంటే నాకెందుకు అడ్డం పడతావు?"

మైకు ఫోన్ వెలుతురు కుర్చీ వైపు తిప్పాడు.

"పోనీ నువ్వెందుకు వెళ్ళావు? నేను అడిగితే మాత్రం? వద్దురా, జ్వరంగా ఉంది, గుర్తున్నట్టు చదివేసుకో అనొచ్చుగా. ఒక్కసారి కాదనడం రాదా నీకు? కామా పోతే నిద్రపట్టదు. ప్రాణం పోతే పట్టిందా?"

మాట అన్నాక నాలుక కొరుక్కున్నాడు. గదిలో చీకటి ఒక్క అంగుళం దగ్గరికి జరిగినట్టనిపించింది. అవతల నుంచి ఊపిరి... లోపలికి వెళ్ళే ఊపిరి మాత్రం. బయటికి వచ్చేది వినపడలేదు. ఇంకా లోపలికి. ఇంకా లోపలికి.

మైకు జేబులోంచి చీటీ తీశాడు. బల్ల మీద, కుర్చీకి ఎదురుగా పెట్టాడు. ఫోన్‌ని పుస్తకానికి ఆనించి, చాదస్తం పెన్సిలు అందుకున్నాడు. అది వెచ్చగా ఉంది. చేతిలో పట్టుకుని వదిలిన వెచ్చదనం.

వాక్యం కొట్టేశాడు. పైన రాశాడు. రాస్తూ చదివాడు.

"ఇరవై ఒకటో తేదీన, జ్వరంతో సెలవులో ఉన్న అతనికి ఫోన్ చేసింది నేను. నా ఉపన్యాసంలో ఒక్క వాక్యం కోసం అతన్ని ఈ గదిలోకి పంపింది నేను."

పెన్సిలు ఎత్తి ఆగాడు.

టక్.

ఆ ఒక్క చప్పుడుకి మైకు కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. ఇంకో వాక్యం రాశాడు. ఈసారి పెన్సిలు ఆగలేదు.

"నేను పంపాను. పంపదగ్గ గదిగా దాన్ని తెరిచి ఉంచింది మీరు. నా తప్పు కింద మీ తప్పు దాక్కోదు."

టక్.

వెంటనే, గట్టిగా, సంతోషంగా. మంచి వాక్యం పడినప్పుడు కొట్టే తట్టు అది.

ఇక మిగిలింది చివరి వాక్యం ఒక్కటే.

"ఈ నెల ముప్పయ్యో తేదీ లోపు జవాబు కావాలి."

టక్. టక్. టక్.

మైకుకి అర్థం కాలేదు. వాక్యంలో అబద్ధం లేదే. మళ్ళీ చదివాడు. మళ్ళీ మూడు. తేదీ కొట్టేసి "ఇరవయ్యో తేదీ" అన్నాడు. మూడు. "పదిహేను." మూడు, తొందరగా. "పదమూడు." మూడు. ఫోన్ వెలుతురు సన్నబడుతోంది. ఊపిరి బిగబట్టి అన్నాడు.

"పన్నెండు."

తర్వాత, అతి నెమ్మదిగా...

టక్.

మైకు ఆ అంకె రాసేసరికి ఫోన్ ఆరిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. కొయ్య కాళ్ళు రాతి మీద గీసుకున్న చప్పుడు. ఆ తర్వాత అతను మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. పదో మెట్టు దగ్గర వీపు వెచ్చబడలేదు. వెలుతురులో పడ్డాక కూడా వెచ్చబడలేదు.

*

పిన్ని అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అతని పిడికిట్లోంచి కాగితాలు నెమ్మదిగా విడిపించి, సాపు చేసి, చీటీ చదివింది. నాలుగో గడి దగ్గర ఆగింది. పెదవి కొరుక్కుంది. తర్వాత నోటీసు చివరి పేజీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇదేమిటి?"

పన్నెండు అని రాసిన చోట, అంకె పక్కనే, ఒక వేలిముద్ర. లేత పచ్చగా, గీతలన్నీ స్పష్టంగా.

"నాది అయ్యుంటుంది," అన్నాడు మైకు.

పిన్ని అతని చేతుల వైపు చూసింది. అతనూ చూసుకున్నాడు. తెల్ల గ్లవ్స్ ఇంకా చేతులకే ఉన్నాయి.

ఆ సాయంత్రం చాదస్తం చెల్లెలు నోటీసు రెండోసారి చదివింది. కొట్టేసిన వాక్యం చదివింది, పైన రాసినది చదివింది. చీటీ మీద అన్నయ్య అక్షరాల్ని వేలితో ముట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కలం తీసి సంతకం పెట్టింది.

"అక్కా..."

"వెళ్ళు తమ్ముడూ. కొన్నాళ్ళు ఇటు రాకు. రావొచ్చు అనిపిస్తే నేనే పిలుస్తాను."

ఆ మాట మైకు రెండు చేతులతో అందుకున్నాడు. అంతకంటే తక్కువ శిక్ష అతనికి సరిపోయేది కాదు.

మర్నాడు, తొమ్మిదో తేదీ పొద్దున పదిన్నరకి, నోటీసు తీసుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డైరెక్టరు చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలో విసుగు, రెండో పేజీలో చిన్న నవ్వు.

"ఫోన్ చేసింది మీరేనని మీరే రాశారు బాబూ. ఇక నన్నేం అడుగుతారు?"

"తర్వాతి వాక్యం కూడా చదవండి సార్."

చదివాడు. నవ్వు పోయింది. చివరి పేజీ తిప్పాడు. అక్కడ అతని కళ్ళు ఆగిపోయాయి.

"ఈ తేదీ మీకెవరు చెప్పారు?"

"ఏ తేదీ సార్?"

"పన్నెండు." డైరెక్టరు గొంతు ఎందుకో తగ్గింది. తలుపు వైపు ఒకసారి చూశాడు. "పన్నెండున పొద్దున్నే కిందికి దిగుదామనుకున్నాను. పేరు పలక ఏ గోడకి బిగించాలో చూద్దామని. నేనొక్కణ్ణే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో తప్ప ఎక్కడా లేదు. ఆ డైరీ ఇంట్లో ఉంది."

మైకు ఒక్క మాట చెప్పొచ్చు, దిగకండి అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, వేరే మాటై బయటపడింది.

"ముందు గాలి దిగుతుంది, తర్వాతే మనిషి దిగుతాడు అన్నారు కదా సార్. మీ మాటే."

డైరెక్టరు అంకె పక్కనున్న పచ్చ మరకని బొటనవేలితో తుడిచాడు. మళ్ళీ గట్టిగా రుద్దాడు. మరక కాగితం మీద చెక్కుచెదరలేదు. అతని వేలు మాత్రం పచ్చగా అయింది. రుమాలుతో తుడుచుకున్నాడు. రుమాలుకి ఏమీ అంటలేదు. వేలి పచ్చదనం అలాగే ఉంది.

గదిలో ఎవరూ అన్నం డబ్బా విప్పలేదు. అయినా సన్నగా, ఎక్కడి నుంచో, వెల్లుల్లి వాసన మొదలైంది.

వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద, నోటీసు చివరి వాక్యం తెరిచే ఉంది.

'ఈ నెల పన్నెండో తేదీ లోపు జవాబు కావాలి.'